తొమ్మిది శాతం మారిన పిల్ల

వీర్రాజు దేవుణ్ణి కోరింది ఒక్కటే: కూతురు ఎలా వెళ్లిందో అలాగే తిరిగి రావాలి. దేవుడు ఆ కోరికను అక్షరాలా తీర్చాడు. చిక్కంతా అక్కడే వచ్చి పడింది.

తణుకులో పూజాసామగ్రి కొట్టు నడుపుకునే గంధం వీర్రాజుకి ఒక్కతే కూతురు, యామిని. ఆ పిల్ల ఆహారశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా విశ్వవిద్యాలయం వాళ్లు ‘విదేశీ సెమిస్టర్’ అని ఒక పథకం పెట్టారు. ఇక్కడి పిల్లలు అక్కడికి వెళ్లి ఒక సెమిస్టరు చదువుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుతారు. అక్కడి పిల్లలు మాత్రం ఇంకా ఎవరూ రాలేదు. ఎండలు తగ్గాక వస్తామన్నారట.

యామిని పరీక్ష రాసి ఎంపికైంది. ఎస్టోనియా అనే దేశం వచ్చింది. ఆ పేరు వీర్రాజు అప్పటిదాకా విని ఎరగడు. కొట్టుకి వచ్చే పురోహితుణ్ణి అడిగితే ఆయన కాసేపు కళ్లు మూసుకుని, "ఉత్తరదిక్కు. కుబేరస్థానం. నిక్షేపంగా పంపించండి" అన్నాడు. కుబేరుడి సంగతి ఎలా ఉన్నా, అంత దూరం వెళ్లిన పిల్లలు మారిపోయి వస్తారని వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. వీర్రాజు భయపడి చిన్నతిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాడు. పిల్ల పిల్లలాగే తిరిగి వస్తే తణుకు నుంచి కాలినడకన కొండకి వస్తానన్నాడు.

అయిదు నెలల తర్వాత విమానం దిగిన కూతుర్ని అతను ఆపాదమస్తకం పరీక్షగా చూశాడు. జడ జడలాగే ఉంది. బొట్టు ఉండాల్సిన చోటే ఉంది. కారెక్కగానే, "నాన్నా, ఏసీ తగ్గించమను, తలనొప్పి" అంది. వెళ్లేటప్పుడూ అదే అంది. ఇంటికొచ్చి పప్పుచారులో అన్నం కలుపుకుని, చల్లమిరపకాయ కొరుక్కుంటూ, "అమ్మా, ఉప్పు తక్కువైంది" అంది.

"నీ మొహం. సరిగ్గానే ఉంది" అంది తల్లి భ్రమరాంబ.

వీర్రాజుకి కళ్లు చెమర్చాయి. ఆ వారంలోనే నడిచి కొండకి వెళ్లాడు. పాదాలు బొబ్బలెక్కాయి. స్వామి ముందు నిలబడి, "తండ్రీ, మాట నిలబెట్టుకున్నావు" అని చెంపలేసుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చి అరికాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ ఉండగా విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. యామిని ‘పరివర్తన మూల్యాంకనానికి’ హాజరు కావాలి. తల్లిదండ్రుల్లో ఒకరు సాక్షిగా రావాలి.

దీని వెనక కథ ఇది. పైనుంచి ఎవరో విశ్వవిద్యాలయాన్ని, "ఇంతమందిని విదేశాలకి పంపిస్తున్నారు కదా, దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. వీళ్లు, "వెళ్లి వచ్చినవాళ్లు మారతారు" అని జవాబు రాశారు. "ఎంత?" అని పైవాళ్లు మళ్లీ అడిగారు. ఆ రెండో ప్రశ్నకి పుట్టిందే అంతర్జాతీయ పరివర్తన విభాగం. దానికో భవనం, భవనానికో సంచాలకుడు, సంచాలకుడికో కారు వచ్చాయి. విదేశం వెళ్లొచ్చిన ప్రతి విద్యార్థీ కనీసం నలభై శాతం మారి ఉండాలని నియమం చేశారు. వెళ్లేముందు ఒకసారి పిల్లలందరినీ కూర్చోబెట్టి నడకా మాటా తిండీ నిద్రా అన్నీ కొలిచి పెట్టుకున్నారు. యామిని ఆ రోజు అదేదో ఆరోగ్యపరీక్ష అనుకుంది.

తండ్రీ కూతుళ్లు వెళ్లేసరికి వరండాలో ఒక రైసుమిల్లు యజమాని కూర్చుని ఉన్నాడు. పక్కన పోర్చుగల్ వెళ్లొచ్చిన కొడుకు. మండువేసవిలో మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడవైపు చూస్తున్నాడు.

"మావోడికి ఎనభై రెండు వచ్చాయండి" అన్నాడు మిల్లు యజమాని.

"ఏం మారాడండీ?" వీర్రాజు ఆసక్తిగా అడిగాడు.

"ఏం మారలేదో అడగండి. కారం ముట్టుకోడు. నన్ను పేరుపెట్టి పిలుత్తున్నాడు. మొన్న వాళ్లమ్మ దగ్గరికి తీసుకోబోతే, ‘ముందు అడగాలి’ అన్నాడండి" అంటూ ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది ఆనందమో మరొకటో వీర్రాజుకి తెలియలేదు. ఎందుకైనా మంచిదని, "శుభం" అన్నాడు.

లోపల సంచాలకులు ఆచార్య ఫాలాక్షరావు ఎత్తుకుర్చీలో ఉన్నారు. పక్కన డాక్టర్ సుభాషిణి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన అడగాలి, ఆవిడ అంకె వెయ్యాలి.

"విద్యార్థినీ, పరాయిగడ్డపై పాదం మోపిన తొలిక్షణాన తమరు అనుభవించిన సాంస్కృతిక విఘాతాన్ని సంక్షిప్తంగా వివరించండి" అన్నారు ఫాలాక్షరావు.

"అర్థం కాలేదు సార్."

"కల్చర్ షాక్ అమ్మా. ఎంత తగిలింది?" అంది సుభాషిణి.

"తగల్లేదు మేడమ్."

"తొందరపడకు. అందరికీ తగుల్తుంది. ఆలోచించుకుని చెప్పు."

"ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి చదివాను మేడమ్. చీకటితో లేపేవారు. పడుకునేదాకా స్టడీ అవర్సే. కిటికీలోంచి చూస్తే పేరు రాసుకునేవారు. అది చూశాక ఏ దేశమూ షాకు కొట్టదు మేడమ్." ఆ పిల్ల కాస్త ఆలోచించి, "కానీ అక్కడ మొదటి ఆదివారం నిజంగానే సెలవు ఇచ్చేశారు. భయమేసింది" అంది.

సుభాషిణి ఆశగా సంచాలకుల వైపు చూసింది. "భయం రాయనా సార్?"

"ఎంతసేపు భయపడ్డారు?"

"మధ్యాహ్నం దాకా సార్. తర్వాత నిద్ర పట్టేసింది."

"ఒక శాతం" అన్నారు ఫాలాక్షరావు, తన ఇంట్లోంచి తీసి ఇస్తున్నట్టు.

"స్వయంపోషక సామర్థ్యం? అనగా వంట నేర్చుకున్నారా?"

"ముందే వచ్చు సార్. నేనే అక్కడివాళ్లకి పులిహోర నేర్పాను."

"నేర్పినది గణనలోకి రాదు. నేర్చినది మాత్రమే. సరే, వరుసలో నిలబడు సంస్కృతి?"

"చిన్నప్పట్నుంచీ దర్శనాల క్యూల్లో నిలబడుతూనే ఉన్నాం కదా సార్."

వెనక కూర్చున్న వీర్రాజు గర్వంగా తలూపాడు. ఊపకూడదని తర్వాత తెలిసింది.

"ఏకాంతవేదన?"

"గదిలో ఒక్కదాన్నే ఉండటం జన్మలో అదే మొదటిసారి సార్" అంది యామిని. సుభాషిణి చెయ్యి కీబోర్డు మీదకి వెళ్లింది. "చాలా బాగుంది సార్." చెయ్యి వెనక్కి వచ్చింది.

"చివరి ప్రశ్న. విదేశీగడ్డపై తమరు ఆర్జించిన అత్యున్నత జ్ఞానం?"

యామిని ముఖం మొదటిసారి వెలిగింది. "మా ప్రొఫెసర్‌గారిని నేనొక ప్రశ్న అడిగాను సార్. ఆవిడ, ‘నాకు తెలియదు’ అన్నారు."

ఫాలాక్షరావు కళ్లజోడు తీశారు. "ఆవిడకి తెలియనిది తమరి జ్ఞానం ఎలా అవుతుంది? కొట్టివేయండి."

మొత్తం కూడితే తొమ్మిది శాతం వచ్చింది. పాలు లేని కాఫీ తాగడం అలవాటైనందుకు నాలుగు, మంచులో రెండుసార్లు జారిపడ్డందుకు నాలుగు, ఆదివారం భయానికి ఒకటి.

"శోచనీయం" అన్నారు ఫాలాక్షరావు. "ఈ సెమిస్టరు చెల్లదు. వచ్చే ఏడు తిరిగి చదవాలి."

యామిని రెండడుగులు వెనక్కి వేసింది. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబులో ఆ పిల్లకి ఉద్యోగం ఖాయమైంది. జూలైకల్లా డిగ్రీ చూపిస్తేనే చేర్చుకుంటారు. లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ల్యాబులో తన బల్ల కిటికీ పక్కన ఉందని ఆ పిల్ల అప్పటికే చూసొచ్చింది.

"అక్కడ అన్ని సబ్జెక్టుల్లోనూ ఫస్టు వచ్చాను సార్."

"ఆ మార్కులు ఆ దేశానివి. మార్పు మనది."

వీర్రాజు ఇక ఉండబట్టలేక లేచాడు. "అయ్యా, పిల్ల చెడిపోకుండా వచ్చిందని మేం సంతోషంగా ఉన్నామండి."

"తమరి సంతోషమే విశ్వవిద్యాలయానికి నష్టం" అన్నారు ఫాలాక్షరావు జాలిగా. అంత దూరం నుంచి వచ్చిన తండ్రి మొహం చూసి కాస్త మెత్తబడి, నియమాల్లో ఇంకో దారి ఉందన్నారు. రెండు వారాల తర్వాత గృహసందర్శన పునర్మూల్యాంకనం. ఇంటికే వచ్చి, అమ్మాయి సహజ వాతావరణంలో ఎలా ఉందో చూస్తారు. అప్పటికి నలభై కనబడాలి.

వాళ్లు బస్సు దిగేసరికి బస్టాండు ఎదురుగా బ్యానరు కనిపించింది. ‘మార్పు అకాడమీ. నలభై శాతం గ్యారంటీ.’ కింద పోర్చుగల్ కుర్రాడి ఫొటో, చుట్టూ బంతిపూల బొమ్మలు, పక్కన ‘82’ అని పెద్ద అంకె. నియమం వచ్చి నిండా ఏడాది కాలేదు. మన ఊళ్లలో పరీక్ష పుట్టడమే ఆలస్యం, దానికి కోచింగు పక్కవీధిలో అప్పటికే పుట్టి ఉంటుంది.

వీర్రాజు మనసు రెండు విధాలుగా లాగింది. చివరికి తీసుకెళ్లి చేర్పించాడు. నడిపే మాస్టారు ఇంతకు ముందు భౌతికశాస్త్రం చెప్పేవాడు. మార్పుని పన్నెండు అధ్యాయాలు చేసి, ముఖ్యమైన బిట్లు విడిగా అచ్చువేయించాడు. "నిట్టూర్పు రెండు మార్కులు. కిటికీ దగ్గర నిలబడి నిట్టూరిస్తే మూడు" అని బోర్డు మీద రాసేవాడు. "మాట మధ్యలో ఆగి తెలుగు మాట గుర్తురానట్టు వేళ్లు విదిలించడం. ఇది ప్రతిసారీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి. భుజాలెగరెయ్యడం ప్రాక్టికల్స్‌లో అడుగుతారు." పిల్లలందరూ వరసలో నిలబడి ఒకేసారి భుజాలెగరేసేవారు.

యామిని మూడోరోజుకి మానేసింది. "ఆయనకి పాస్‌పోర్టు కూడా లేదు నాన్నా" అంది.

"పోనీ ఇంట్లో సాధన చెయ్యమ్మా. రోజుకి కాస్తయినా."

ఆ పిల్ల తండ్రి మాట కాదనలేక ప్రయత్నించింది. కిటికీ దగ్గర నిలబడి నిట్టూర్చింది. భుజాలు ఎగరేసింది. వంటింట్లోంచి భ్రమరాంబ చూసి, "మెడ పట్టేసిందేంటే? రా, బామ్ రాస్తాను" అంది. యామిని నవ్వాపుకోలేక నేలమీద కూలబడింది. భ్రమరాంబకి సంగతి చెప్పాక ఆవిడ నవ్వలేదు. "ఆ వచ్చే వాళ్లు నన్నేమైనా అడిగితే ఉన్నదే చెప్తాను. ఇంట్లో దీపం వెలుగుతుండగా నా నోట అబద్ధం రాదు. ముందే చెప్తున్నాను" అంది. ఆవిడ సంగతి వీర్రాజుకి తెలుసు. పెళ్లిచూపుల్లో, "వంట వచ్చా?" అని అడిగితే, "రాదండి" అన్న మనిషి ఆవిడ.

ఇక దారేది? వీర్రాజు దేవుడి గదిలో కూర్చుని చాలాసేపు స్వామి పటం వైపు చూశాడు. "తండ్రీ, పూర్తిగా అక్కర్లేదు. ఇంకో ముప్పై ఒక్క శాతం" అని అడగబోయి ఆగిపోయాడు. కోరి తెచ్చుకున్న వరాన్ని కొంచెం వెనక్కి తీసుకోమని అడగొచ్చా? నిన్న ఉండనీ అన్నది ఇవాళ వద్దంటే ఆయన మనసుకి ఎలా ఉంటుంది? పురోహితుణ్ణి అడిగితే, "మొక్కు తిప్పుకోవాలంటే కొండ నుంచి ఊరికి వెనక్కి నడవాల్సి వస్తుందేమో" అని సందేహించాడు. వీర్రాజు తన అరికాళ్లు చూసుకుని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం కొట్లో కర్పూరం పొట్లాలు కడుతూ, సాయానికి వచ్చిన కూతుర్ని అడిగాడు. "నిజం చెప్పమ్మా. అంత దూరం వెళ్లి ఏమీ నేర్చుకోలేదా?"

"ఆ రోజు చెప్పబోయాను కదా నాన్నా. అక్కడ ఇడ్లీపిండి రుబ్బాను. ఒక గదిలో పెడితే పొంగింది, పక్కగదిలో పెడితే పొంగలేదు. రెండు గదుల్లోనూ ఒకే వెచ్చదనం. ఎందుకని క్లాసులో అడిగాను. ఆవిడకి అరవై దాటుంటాయి. ‘నాకు తెలియదు, చూద్దాం’ అన్నారు. మర్నాడు వాళ్లింట్లోంచి గిన్నె పట్టుకొచ్చారు. ఇద్దరం కలిసి నెలంతా పిండి పెట్టాం."

"చివరికి తెలిసిందా?"

"సగం తెలిసింది. మిగతా సగం ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నాం." పొట్లానికి దారం చుట్టి తెంపింది. "చిన్నప్పట్నుంచీ నాకు ఏ సారూ ‘తెలియదు’ అనలేదు నాన్నా. తెలియకపోతే కూర్చోమనేవారు."

"మరది మార్పు కాదేంటి?"

"ఏమో నాన్నా. నాకు తెలియదు" అని నవ్వింది.

వీర్రాజు ఆ పొట్లాన్ని తీసుకుని మిగతావాటి పక్కన పేర్చాడు. దీన్ని ఏ శాతంలో పెట్టాలో అతనికీ తోచలేదు.

చెప్పిన రోజు పొద్దున్నే విశ్వవిద్యాలయం కారు వీధిలోకి వచ్చింది. ఫాలాక్షరావు, సుభాషిణి దిగారు. ముందుగదిలో కూర్చుని, యామినిని సహజంగా తిరగమన్నారు. ఆ పిల్ల సహజంగా తిరిగింది. సుభాషిణి చూసి చూసి, ఏ అంకే వెయ్యలేక, భ్రమరాంబని పిలిచింది.

"అమ్మా, మీ అమ్మాయి విదేశం వెళ్లొచ్చాక ఏమైనా మారిందా?"

వీర్రాజు గుమ్మం పక్క నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"దేవుడి దయవల్ల ఏమీ మారలేదండి" అంది భ్రమరాంబ.

అయిపోయింది. యామిని తల వంచుకుంది. వీర్రాజు చేసేదేమీ లేక, వచ్చినవాళ్లకి మర్యాదైనా జరగాలని వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాడు. తాగాక కప్పులు తీసుకెళ్లి పంపు కింద కడిగి బోర్లించాడు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి సుభాషిణి అతన్నే చూస్తోంది.

"ఇంట్లో కాఫీ మీరే పెడతారా అండీ?"

"ఆయ్. నేనేనండి."

"ఎప్పట్నుంచి?"

జవాబు భ్రమరాంబ చెప్పింది. "పిల్ల ఎస్టోనియా వెళ్లినప్పట్నుంచండి. అంతకు ముందు, హాస్టల్ నుంచి వచ్చేశాక, పొద్దున్నే అదే కలిపి ఇద్దరికీ ఇచ్చేది. అది వెళ్లిన మర్నాడు ఈయన కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. నేను పూజలో ఉన్నాను. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. లేచి వెళ్లి స్టవ్వు ఎలా వెలిగించాలో దానికే ఫోను చేసి అడిగారు."

ఫాలాక్షరావు నిటారుగా కూర్చున్నారు. "అమ్మా, అంతకు ముందు వీరి ప్రవర్తన ఎట్లుండెడిది?"

ఈ ప్రశ్న ఎవరైనా అడక్కపోతారా అని భ్రమరాంబ పాతికేళ్లుగా కాచుకుని ఉన్నట్టుంది. కొంగు దోపుకుని కూర్చుంది. తువ్వాలు తీసిన చోటే పడేసి వెళ్లడం చెప్పింది. టీవీ వీధి చివరిదాకా వినబడటం చెప్పింది. ఎంగిలి కప్పు కిటికీలో పెడితే చీమలు ఊరేగింపుగా రావడం చెప్పింది. సుభాషిణి వేళ్లు కంప్యూటరు మీద పరుగులు పెట్టాయి.

"మరి ఇప్పుడో?"

"బట్టలు మడత పెట్టుకుంటారు. కప్పులు కడుగుతారు. టీవీ తగ్గించారు, దాని ఫోను వినబడదేమోనని." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఇంకోటుందండి. అది రోజూ ఫోన్లో, ‘ఇవాళ అమ్మ ఏం చేసింది నాన్నా?’ అని అడిగేది. ఈయన, ‘ఏం చేస్తుంది, ఇంట్లో ఉంది’ అనేవారు. ‘కనుక్కుని చెప్పు’ అనేది. దానికి చెప్పడం కోసం అడగడం మొదలుపెట్టారు. కొట్టు కట్టేసి వచ్చి, చెప్పులు విప్పి, ‘ఇవాళ ఏం చేశావ్?’ అంటారు. అది తిరిగొచ్చేసినా మానలేదండి" అంది.

వీర్రాజు సిగ్గుపడి గోడకున్న కేలండరు సర్దాడు.

సుభాషిణి లెక్క వేసింది. కాఫీ పద్నాలుగు, కప్పులు ఎనిమిది, బట్టల మడత తొమ్మిది, టీవీ అయిదు, ఆ సాయంత్రపు ప్రశ్న పాతిక. వెరసి అరవై ఒకటి. ఫాలాక్షరావు లేచి నిలబడి వీర్రాజుకి నమస్కరించారు. "విదేశీ సెమిస్టర్ చరిత్రలో అపూర్వం! ప్రయాణం లేకనే పరివర్తన! తమరు ఉత్తీర్ణులైనారు."

"నేను కాదండీ, అమ్మాయి..."

"మార్పు ఎవరిదో క్రెడిట్లు వారివే. తమరు డిగ్రీలో చేరినచో ఒక సెమిస్టరు చదవనవసరం లేదు. తమరి విద్యార్హత?"

"పదో తరగతండి."

"ముందుగా ఇంటర్ పూర్తి చేయవలె."

"వద్దు నాన్నా, ఆ హాస్టల్‌కి నిన్ను పంపలేను" అంది యామిని.

వీర్రాజు చేతులు జోడించాడు. "అయ్యా, నా దగ్గర ఉండి ఇవి నాకేం పనికొస్తాయి? పిల్లకి వేసెయ్యండి. తండ్రి సంపాదించింది బిడ్డది కాదాండీ?"

ఫాలాక్షరావు ఆలోచనలో పడ్డారు. "వారసత్వ మార్గమున సంక్రమింపజేయవచ్చును. నియమములు అడ్డురావు. అయితే అందుకు తమరు..." అని నొచ్చుకుంటూ ఆగారు. "అనగా, మరణ ధ్రువీకరణపత్రం ఒకటి జతచేయవలసి ఉంటుంది."

"జూలై లోపలా అండీ?" అని వీర్రాజు అమాయకంగా అడిగాడు. భ్రమరాంబ అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

చివరికి సుభాషిణి దారి కనిపెట్టింది. బతికుండగానే దానపత్రం రాసి ఇవ్వొచ్చు. అమ్మాయికి తొమ్మిది ఉన్నాయి, ముప్పై ఒకటి ఇస్తే చాలు. కాకపోతే ఒక షరతుంది. ఇచ్చిన మార్పు ఇచ్చినవారి దగ్గర ఉండకూడదు. ఒకే మార్పు ఇద్దరి పేర ఉంటే ఆడిట్ ఒప్పుకోదు. ఏవేవి ఇస్తున్నారో విడివిడిగా రాసి, అవి ఇకమీదట తనవి కావని సంతకం చెయ్యాలి.

మరునాడు భార్యాభర్తలిద్దరూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. యామిని రానంది. "నాది కానిది నాకు రాయించుకోవడానికి నేనేం వస్తాను?" అని మొహం ముడుచుకుంది. "నీ వల్ల వచ్చినదే కదమ్మా" అని తండ్రి అన్నాక, వెళ్లి ఇద్దరికీ దారికి మంచినీళ్ల సీసా నింపి ఇచ్చింది.

దానపత్రం సిద్ధంగా ఉంది. ఫాలాక్షరావు దయతో సలహా ఇచ్చారు. "ఆ సాయంత్రపు ప్రశ్న ఇచ్చివేయండి. పాతిక ఒక్క కలంపోటుతో తీరిపోతుంది. పైన కప్పులు వేసుకుంటే సరి. కాఫీ, బట్టలు తమరికే మిగులును. ఇంటికి ఉపయోగకరమైనవి కూడా."

లెక్క ప్రకారం అది బాగానే ఉంది. వీర్రాజు కలం తీసి, భార్య వైపు చూశాడు. "నువ్వేమంటావ్?"

భ్రమరాంబ చీరచెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"కాఫీ ఇచ్చెయ్యండి" అంది. "కప్పులు ఇచ్చెయ్యండి. బట్టలూ ఇచ్చెయ్యండి. అవన్నీ నేను చేసుకోగలను. ఇన్నేళ్లూ చేసుకున్నాను. అది మాత్రం ఇవ్వకండి."

పద్నాలుగూ ఎనిమిదీ తొమ్మిదీ. సుభాషిణి కూడింది. సరిగ్గా ముప్పై ఒకటి. వీర్రాజు సంతకం పెట్టాడు. ఫాలాక్షరావు ముద్ర వేసి, "దాత ఇకమీదట పూర్వస్థితిలో జీవించుగాక" అని దీవించారు. యామిని నలభై శాతం మారింది. సెమిస్టరు చెల్లింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. వీర్రాజు అలవాటు కొద్దీ వంటింటి వైపు నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కాఫీ ఇప్పుడు తనది కాదు. ముద్ర పడింది.

"అది నాది నాన్నా" అంది యామిని, మార్కుల కాగితం లోంచి తలెత్తకుండా.

"మరి నువ్వే కలుపు."

"నాకు పనుంది. కంపెనీవాళ్లకి ఉత్తరం రాయాలి. నీకు వాడుకోడానికి ఇస్తున్నాను. పాడు చెయ్యకుండా చూసుకో."

వీర్రాజు అనుమానంగా భార్య వైపు చూశాడు. ఆవిడ ఆలోచించి తీర్పు చెప్పింది. "ఎరువు తెచ్చుకున్నది సొంతం కాదుగా. అందులో అబద్ధమేం లేదు. పెట్టండి."

అతను కాఫీ కలిపి, ముగ్గురికీ తెచ్చి, అరుగు మీద భార్య పక్కన కూర్చున్నాడు. బస్సులో వచ్చిన దుమ్ము ఇద్దరి మీదా ఇంకా ఉంది. పొద్దుట్నుంచీ ఒకే బస్సులో, ఒకే బెంచీ మీద, ఒకరి పక్కన ఒకరు కూర్చున్న మనుషులు. అయినా వీర్రాజు చెప్పులు విప్పి పక్కన పెట్టి అడిగాడు.

"ఇవాళ ఏం చేశావ్?"

భ్రమరాంబ కప్పు కింద పెట్టి, అతను ఊళ్లో లేని మనిషైనట్టు, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లానండీ. అక్కడ ఒకాయన ఉన్నాడు..."